గురిగింజ నిలిచిన పొద్దు

మొన్న పక్కింటి కోడలు డాక్టరు చీటీ పట్టుకోని వచ్చింది. నేను దవాఖాన నౌకరికెల్లి రిటైరై ఎన్నేండ్లయినా ఈ జల్‌పల్లి కాలనీల ఎవ్వరికి ఏ గోలీ రాసినా ముందుగాల నాకే చూపెడ్తరు. "అమ్మమ్మా, మా మామకు చేతులు వణుకుతున్నయి గద, పెద్ద డాక్టరు రాసిండు, జర చూడవా" అన్నది. అద్దాలు పెట్టుకోని చూసిన. మొదటి వరుసల వణుకుడుకు గోలీ. దాని కిందనే బలం గోలీ, బి కాంప్లెక్సు.

చూసుడుతోనే "ఎవడే రాసింది? వాడు సదివే డాక్టరయిండా?" అని ఒక్కటే లొల్లి చేసిన. ఆ పిల్ల బెదిరిపోయి చీటీని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. కొంచెంసేపటికి నాకే సమజయింది. ఇప్పుడొచ్చే వణుకుడు గోలీల రెండు మందులు కలిపే ఉంటయి. పక్కన బలం గోలీ వేసుకున్నా ఏం కాదు. డాక్టరు మంచిగనే రాసిండు, నేనే యాభై ఏండ్ల ఎనకకు పోయి లాల్‌దర్వాజాల నిలవడ్డ. "ఏం కాదు బిడ్డా, రెండూ వెయ్యుండ్రి" అని పంపిచ్చిన. ఆమె పోయినంక చాయ పెట్టుకుందామని లేచిన గాని పెట్టుకోలే. గచ్చు మీదనే కూసోని బాపును యాద్ చేసుకున్న.

బాపు అంటె మా నాయిన కాదు. లాల్‌దర్వాజాల మేం కిరాయికున్న ఇంటి ఆసామి. కింద దుకాణం, ఎనక వాళ్లిల్లు, పైన రెండర్రలల్ల మా అమ్మ, నేను. ఆయన పేరు పెట్టి నేనెన్నడు పిలువలే, ఈడ సుత రాయ. ఆ గల్లీల అందరికి ఆయన బాపే. వాళ్లది మూలికల దుకాణం, తాతల నాటిది. మొఘల్‌పురాల ఉండే హకీం సాబ్ రాసిచ్చిన చీటీలు పట్టుకోని మనుషులు వచ్చేటోళ్లు. ఆ చీటీలన్ని ఉర్దూలనే. బాపు నిజాం కాలంల బడికి పోయినోడు, ఉర్దూ గడగడ చదివెటోడు. తెలుగు సుత వచ్చు. ఇంగ్లీషు మాత్రం రాదు. రానందుకు ఆయనకు సిగ్గేం లేకుండె. "ఆ భాషల నాకెవ్వడు చీటీ రాయలే బిడ్డా. రాస్తె నేర్చుకుంట" అనెటోడు.

నేను ఆ రోజుల్ల ఒక సర్కారు దవాఖానల మందులిచ్చే కిటికి కాడ పనిచేసేదాన్ని. కొత్త నౌకరి. కోర్సు చదివిన గర్వం మస్తుగ ఉండె. పొద్దుగాల తెల్లకోటు చేతుల మడిచి పట్టుకోని మెట్లు దిగుతుంటె దుకాణంల కూసోని బాపు ఊకోకపోవు.

"ఏం గోలీల డాక్టరమ్మా, పోతున్నవా? మీ గోలీలకు వాసన లేదు, రుచి లేదు, అన్ని తెల్లగనే ఉంటయి. చీకట్ల ఎట్ల గుర్తువడ్తవ్?"

"చీకట్ల మందిచ్చుడెందుకు బాపూ? లైటు వేస్త."

"కరెంటు పోతె?"

కరెంటు దినాం పోయేది. ఆయన నవ్వెటోడు. పండ్లన్ని కాచు వక్కలు నమిలి ఎర్రగుండె.

ఆయన దుకాణంల ఒక వింత ఉండె. పొట్లాలు కట్టెతందుకు పాత కాగితాలు కట్టలు కట్టలు కొనెటోడు. పాత పేపర్లు, పిల్లల పరీక్షల కాగితాలు, కచేరి కాగితాలు, పెండ్లి కార్డులు. ఏ కాగితమైనా ముందు అటు ఇటు చదివినంకనే దాంట్ల సొంఠో పిప్పళ్లో పోసెటోడు. ఎదురుంగ మనిషి నిలవడి ఎంత తొందరపెట్టినా సరె. "తొందరున్నోడు మిఠాయి దుకాణానికి పో భాయ్, ఈడ దవా ఇస్తరు" అనెటోడు. ఒకపారి పరీక్ష కాగితం ఒకటి చదివి, "ఈ పోరి మంచిగనే రాసింది, పంతులుకే కోపమెక్కువ" అని దాన్ని పక్కకు పెట్టిండు. ఎవరన్న రాసుకున్న ఉత్తరం దొరికితె దాంట్ల అసలే పొట్లం కట్టకపోవు. ఎందుకు బాపూ అంటె, "ఎవరి ఏడుపుల్లనో మన సొంఠి ఎందుకు బిడ్డా" అన్నడు. అసొంటి ఉత్తరాలన్ని ఒక డబ్బల వేసి పెట్టిండు, వాటిని ఏం చేస్తడో ఆయనకు సుత తెల్వది.

ఇంకో వింత జహర్ డబ్బ. దుకాణం ఎనక గోడకు టేకు పెట్టె ఒకటి ఉండె, ఎర్రబట్ట కప్పి, తాళం వేసి. ముష్టి గింజలు, వసనాభి, ఉమ్మెత్త గింజలు, నల్లజీడి, ఇసొంటియి దాంట్ల అరలు అరలుగ ఉండేటియి. అన్ని విషాలే, అన్ని మందులే. హకీం సాబ్ చీటీల బియ్యపు గింజంత రాస్తె బియ్యపు గింజంతనే పడాలె. రెండు గింజలంత పడితె మనిషి పోతడు. అందుకని వాళ్ల నాయిన ఒక రివాజు పెట్టి పోయిండంట. పొద్దుగాల ఆ డబ్బ తెరిచేముందు కుడిచెయ్యి చాపి, మునివేళ్ల కాడ చెయ్యి ఎనక దిక్కు ఒక గురిగింజ పెట్టుకోవాలె. ఏక్, దో, తీన్ అని బీస్ దాక లెక్కవెట్టాలె. ఇరవై అయ్యెదాక గింజ నిలవడితె డబ్బ తెరవాలె. పడితె ఆ దినం డబ్బ మూసే ఉండాలె. గురిగింజ నున్నగ ఉంటది గద, చెయ్యి జర కదిలినా దొర్లుతది. రాత్రి నిద్ర లేకున్నా, జరమొచ్చినా, పెండ్లాంతోటి కొట్లాడినా ఆ గింజ పట్టిస్తది.

"గురిగింజనే ఎందుకు బాపూ, శెనగ గింజ పెట్టుకోరాదు" అని నేను ఎక్కిరిచ్చిన.

"గురిగింజ సుత జహరే. విషం కాడికి పోవాలంటె విషమే సాక్షి ఉండాలె" అన్నడు. నాకది వట్టి చాదస్తం అనిపిచ్చింది. మా దవాఖానల అసొంటి డబ్బలు ఇరవై ఉండె, తాళంచెవులు నా కొంగుకే ఉండె, నేను మాత్రం ఏ గింజ పెట్టుకోకపోదు.

ఒక ఎండాకాలం పెద్దమ్మ, అంటె బాపు పెండ్లాం, మా అర్రలకొచ్చి తలుపు దగ్గరేసింది. ఆమె గట్ల ఎన్నడు రాలే. "బిడ్డా, పది దినాలకెల్లి మీ బాపు జహర్ డబ్బ తెరుస్తలేడు" అన్నది. గింజ నిలుస్తలేదంట. కుడిచెయ్యి ఊకె కూసున్నా వణుకుతున్నదంట. అన్నం ముద్ద సుత నోటికాడికి పోయెవరకు సగం పడుతున్నదంట. హకీం సాబ్ చీటీలు పట్టుకోని వచ్చినోళ్లను "ఆజ్ నహీ, కల్ ఆవో" అని తిప్పి పంపుతున్నడంట. వాళ్లకు పిల్లలు లేరు. ఆ డబ్బ తెరిచెటోడు ఆయనొక్కడే. "డబ్బ పోతె ఆయన ఉండడు బిడ్డా. సొంఠి, వాము అమ్ముకోని బతికెటోడు కాదు మీ బాపు" అని ఏడ్చింది.

మర్నాడే మా దవాఖానకు తీస్కపోయిన. డాక్టరు ఆయన చెయ్యి పట్టి వంచి చూసిండు, నడిపిచ్చి చూసిండు, జబ్బు పేరు చెప్పిండు. పరదేశం నుంచి కొత్త గోలీ వచ్చింది, నాలుగు పెట్టెలు మా దవాఖానకు సుత దొరికినయి, ఇచ్చి చూద్దామన్నడు. ఆ మందు ఏంట్లకెల్లి వస్తదని బాపు అడిగిండు. డాక్టరు నవ్వి, ఆ సరుకు ఒక చిక్కుడు జాతి గింజల సుత ఉంటదని చెప్పి ఇంగ్లీషు పేరేదో అన్నడు. నాకు తెలుసు ఆ పేరు. "దూలగొండి గింజలు బాపూ" అన్న.

"దూలగొండా? కౌంచ్ కే బీజ్? అరె, నా దుకాణంల మూడో అర డబ్బల ఉన్నయి గద!" అని బాపు డాక్టరు బల్ల మీద చెయ్యి చరిచిండు. వారం దినాలు గల్లీల అందరికి ఇదే ముచ్చట. ఇంగ్లీషోళ్లు మన డబ్బలకెల్లి తీస్కపోయి మనకే తెల్లగ చేసి ఇస్తున్నరని. నేను భయపడ్డ, ఈ ముసలాయన గోలీలు పారేసి గింజలు నమిలి కూసుంటడని. గాని నమలలే. "గింజల ఎంత దమ్మున్నదో నా చేతికి తెల్వది. చేతికి తెల్వనిది తూకం వెయ్య" అన్నడు.

గోలీలు దినానికి మస్తు వేసుకోవాలె. ఎందుకన్ని అని అడిగితె ఒకనాడు మెట్ల మీద కూసోని నాకు తెలిసినంత చెప్పిన. మెదడుల ఒక సరుకు తక్కువైతె చేతులు వణుకుతయి. ఆ సరుకును నేరుగ మింగితె మెదడుల్లకు పోదు. దాని ముడిసరుకు పోతది, అదొక అమైనో ఆమ్లం. లోపలికి పోయినంక ఆడున్న ఎంజైము దాన్ని కావల్సిన తీరు మారుస్తది. గోస ఏందంటె, అదే ఎంజైము పేగులల్ల, కాలేయంల సుత ఉంటది. సరుకు మెదడు దాక చేరకముందే దార్లనే పట్టుకోని మార్చిపారేస్తది. గట్ల మారింది ఇగ లోపలికి పోదు, బయటనే తిరిగి కడుపుల తిప్పి కక్కిపిస్తది.

"అంటె కరోడ్‌గిరి నాకా" అన్నడు బాపు. నిజాం కాలంల పట్నంలకు వచ్చే సరుకును నాకా కాడ సుంకానికి ఆపేటోళ్లంట. "మా నాయిన అడివికెల్లి బండి మీద సంచులు తెస్తె నాకావోడు ప్రతి సంచిల చెయ్యి పెట్టెటోడు బిడ్డా. పిడికెడు పిడికెడు అనుకుంట సగం ఊడ్చెటోడు. దుకాణం చేరాలంటె ఎక్కువ సరుకు ఎత్తుకోని రావాలె. అంతేనా?"

"గంతే బాపూ. అందుకే ఇన్ని గోలీలు."

"గోలీ అర్థమయింది ఇగ" అని లేచిండు.

మొదటి నెల వాంతులతోటి పీనుగు లెక్కయిండు. గాని రెండో నెలల ఒక పొద్దుగాల నేను మెట్లు దిగుతుంటె దుకాణంల లెక్క ఇనవడ్డది. అఠారా, ఉన్నీస్, బీస్. ఎనక పెద్దమ్మ కొంగు నోట్ల కుక్కుకోని నిలవడ్డది. గురిగింజ ఆయన వేళ్ల మీద కదలకుండ ఉన్నది. బాపు దాన్ని దించి, కండ్లకద్దుకోని, జహర్ డబ్బ తాళం తీసిండు. నన్ను చూసి, "ఏం గోలీల డాక్టరమ్మా, నీ గోలీకి వాసన లేకున్నా ఇమాన్ ఉన్నది, మాట నిలవెట్టుకున్నది" అన్నడు. నేను ఆ దినమంతా గాల్ల నడిచిన.

ఇగ నా తెలివి చూడుండ్రి. ఆయన వాంతులతోటి చిక్కిపోయిండు గద, బొక్కలు తేలినయి. నా మనసు ఒప్పలే. మా కిటికి కాడ బలం గోలీలు బస్తాలకొద్ది ఉండేటియి. వచ్చినోళ్లందరికి అవి ఇచ్చుడు మా రివాజు. దగ్గొస్తె దగ్గు గోలీ, బలం గోలీ. కాలు నొస్తె నొప్పి గోలీ, బలం గోలీ. బలం గోలీ ఇయ్యకపోతె మా దవాఖానల మందు ఇయ్యలేదనుకునేటోళ్లు. నేను మంచియి, ఎక్కువ పవరుయి ఏరి, పొట్లం కట్టి, మాపటికి తెచ్చి బాపు చేతుల పెట్టిన. "దినానికి రెండు. మర్చిపోకు" అని ఆర్డరేసిన. ఆయనకు నేనంటె పాయిరం. మర్చిపోలే.

పది పన్నెండు దినాలకు గింజ పడ్డది. మర్నాడు సుత పడ్డది. చేతులు మల్ల మొదటికొచ్చినయి, మెడ గట్టిపడ్డది, కుర్చీలకెల్లి లేవాలంటె పెద్దమ్మ పట్టుకోవాలె. డాక్టరు గోలీలు పెంచిండు. వాంతులు పెరిగినయి గాని చెయ్యి ఆగలే. నేను బలం గోలీలు ఇంకిన్ని తెచ్చిచ్చిన. ఆఖరికి డాక్టరే, "కొందరికి ఈ మందు కొన్ని దినాలే పనిచేస్తదేమో అమ్మా" అని చేతులెత్తేసిండు.

బాపు ఎవ్వరినేం అనలే. హకీం సాబ్‌కు కబురు పంపిండు, జుమ్మానాడు నమాజైనంక వచ్చి జహర్ డబ్బ, తాళంచెవి తీస్కపొమ్మని. పెద్దమ్మ రెండు దినాలు అన్నం తినలే. నాకైతె దుకాణం ముందట నుంచి నడవబుద్ధి కాలే, పక్క గల్లీలకెల్లి తిరిగి దవాఖానకు పోయిన.

జుమ్మానాడు పొద్దుగాల బాపు పిలిచిండు. గద్దె మీద కూసున్నడు, ఒళ్లె ఒక మడిచిన కాగితం ఉన్నది. "బిడ్డా, నువ్వు మొదట తెచ్చిన బలం గోలీల పొట్లం ఇది. కాగితం పారేయబుద్ధి కాలే, చదువకుండ నేను ఏ కాగితం పారేయ గద. ఇంగ్లీషుల ఉన్నది. ఈ డబ్బ పోయెలోపల అదొక్కటి సాఫ్ చేద్దాం. చదివి చెప్పు, ఏం రాసిండ్రు?"

తీస్కోని చూసిన. మా దవాఖానల కాగితాలకు కరువు. పరదేశం మందు పెట్టెలల్ల కంపెనీవోళ్లు పెట్టే పొడుగు చీటీలుంటయి గద, సన్నటి అచ్చుయి, వాటిని చింపి మేం పొట్లాలు కట్టేది. నేను కట్టిన కాగితం బాపు వణుకుడు గోలీల పెట్టెలదే. అది నేను ఒక్కనాడు చదువలే. చదువొచ్చినదాన్ని, కోర్సు చేసినదాన్ని, చింపి మడత పెట్టిన.

పైకి చదువుకుంట ఒక్కొక్క ముక్క తెలుగుల చెప్తున్న. సగం దాటినంక చదువుడు ఆపిన. ఈ మందు వేసుకునెటోళ్లకు బి సిక్స్ విటమిన్ ఇయ్యొద్దు, ఇస్తె మందు పనిచెయ్యది అని రాసుంది. బలం గోలీల ఉండేది అదే. దార్ల సరుకును పట్టుకునే ఆ ఎంజైముకు బి సిక్స్ లేందె చెయ్యి ఆడది. నేను తెచ్చి తెచ్చి దానికే పోసిన. ఏ కాగితంల వద్దని రాసుందో ఆ కాగితంలనే మూటగట్టి ఆయన చేతుల పెట్టిన.

"ఏంది బిడ్డా? ఆగినవ్?"

చెప్పిన. ఒక్క ముక్క దాచకుండ చెప్పిన. చెప్పుకుంట ఏడ్చిన. తిట్టు బాపూ, కొట్టు బాపూ అన్న.

మెల్లగ బాపు మూతి వంకరయింది. నేను ఏడుస్తడనుకున్న. నవ్విండు.

"ఓసి పిచ్చిదానా. నాకావోనికి దినాం రెండుపూటల దావత్ ఇచ్చినవా?"

పెద్దమ్మకు సుత ఏం జెయ్యాల్నో తెల్వక నవ్వింది, ఏడ్చింది. నేను మాత్రం ఊకోలే. ఇగ నేను మందుల కిటికి కాడ కూసోను, రాజీనామా రాసిస్త, ఇంకెంతమందిని గిట్ల చేసిన్నో అన్న. అప్పుడు ఆయన నవ్వుడు ఆపిండు. "చెయ్యి చాపు" అన్నడు. వణికే వేళ్లతోటి గల్లాల వెతికి గురిగింజ తీసి, రెండుపార్లు కింద పడేసి, మూడోపారి నా వేళ్ల మీద పెట్టిండు.

"లెక్కవెట్టు."

ఏక్, దో అన్న. తీన్ అనకముందే గింజ దొర్లింది.

"మంచిది. ఇయ్యాల నీ డబ్బ తెరువకు. ఇంటికాడ పండుకో. రేపు మల్ల పెట్టుకో. నిలవడితె తెరువు. చెయ్యి వణికినోడు దుకాణం మూసుకోని పోవుడు కాదు బిడ్డా రివాజు. ఆ ఒక్కదినం మూసుడు, గంతే. మరి తెరిచినంక కాగితం చదువుడు" అన్నడు.

"నువ్వెందుకు మరి డబ్బ ఇచ్చేస్తున్నవ్?" అన్న, ముక్కు చీదుకుంట.

"ఇస్తలేను ఇగ. నాకావోడు దొరికిండు గద."

నమాజైనంక హకీం సాబ్ రిక్షాల వచ్చిండు, పెట్టె మోసెతందుకు మనిషిని సుత తెచ్చిండు. బాపు చాయ తాపి ఉత్తచేతులతోటి పంపిచ్చిండు. మిగిలిన బలం గోలీలు మోరీల పారేయమన్న. "పారేస్త తియ్యి" అన్నడు. రెండు వారాలకు బీస్ అనే మాట మల్ల మా అర్ర దాక ఇనవడ్డది. నేను అప్పటికే లేచి మా అమ్మకు తెల్వకుండ నా వేళ్ల మీద గింజ పెట్టుకోని ఉన్న. ఆయన కింద లెక్కవెడ్తె నేను పైన లెక్కవెట్టిన. నౌకరి ఉన్నన్నాళ్లు అది తప్పలే.

ఇగ ఆ తర్వాత బాపుకు కొత్త పిచ్చి పట్టుకున్నది. నాకావోనికి తిండి పెట్టే సరుకున్నప్పుడు, వాన్ని నిద్రబుచ్చే సరుకు సుత ఉండాలె గద! ముడిసరుకు దూలగొండిల దొరికినప్పుడు అది సుత అడివిలనే ఏదో చెట్టుకు ఉండాలె. దుకాణంల ఉన్న ప్రతి డబ్బ తీసి వాసన చూసెటోడు, నాలుక మీద పెట్టి చూసెటోడు, జహర్ డబ్బ తప్ప. నన్ను కూసోబెట్టి సవాల్ మీద సవాల్. ఎంజైము అంటె ఏందే? అది ఎట్ల పట్టుకుంటది? పట్టుకున్న చెయ్యిని ఏం పెట్టి ఆపాలె? నాకు సగం తెలుసు, సగం తెల్వది. తెల్వదంటె ఆయనకు కోపం రాకపోవు. తెలిసినట్టు చెప్తె మాత్రం పట్టేసెటోడు.

ఒకనాడు ఏదో దొరికినట్టు సంబురంగ పిలిచిండు. "కాచు ఎక్కువ నమిలిన దినం గోలీ జర ఎక్కువసేపు ఆగుతున్నది బిడ్డా. వగరుల ఏదో ఉన్నది. నాకావోనికి వగరు పడ్తలేదు."

"నీకు కాచు ఇష్టం గనక గట్లనిపిస్తది" అని కొట్టిపారేసిన.

"కావచ్చు" అన్నడు. వాదించలే. గాని గోడ మీద బొగ్గుతోటి, కాచు నమిలిన దినం ఒక గీత, నమలని దినం ఒక సున్న పెట్టుకుంట పోయిండు. సున్నం వేసినప్పుడు పెద్దమ్మ ఆ గోడకు సుత వేపిచ్చింది. శానా ఏండ్లకు, ఆయన పోయినంక, టీ ఆకుల ఉండే వగరు సరుకులు కొన్ని గాజు గొట్టాలల్ల ఆ ఎంజైమును ఆపుతయని ఎక్కడనో చదివిన. గాజు గొట్టంల ఆపుడు వేరు, మనిషిల ఆపుడు వేరు, అది నాకు తెలుసు. కాచు సంగతి నాకిప్పటికి తెల్వది. తెల్వదనే రాస్తున్న. గాని ఆ దినం కావచ్చు అన్నది ఆయన, కాదన్నది నేను.

నాలుగైదేండ్లకు కొత్త గోలీ వచ్చింది. దాంట్ల ముడిసరుకుకు తోడు ఇంకో మందు కలిపిండ్రు. ఆ అమైనో ఆమ్లం రూపాన్నే జర మార్చి తయారు చేసిన సరుకు. అది పోయి దార్లున్న ఎంజైము కుర్చీల కూసుంటది, మారదు, లేవది. మెదడుల్లకు మాత్రం పోదు, అందుకే ఆడి పని ఆడ నడుస్తది. గోలీలు నాలుగింట్ల ఒకటో వంతుకొచ్చినయి. వాంతులు బందయినయి. ఇగ బలం గోలీ తిన్నా ఏం కాదని డాక్టరు చెప్తె నేను సంబురంగ వచ్చి బాపుకు చెప్పిన. ఆయన గోలీని అరచేతిల తిప్పి తిప్పి చూసి, "వాని చుట్టాన్నే వాని మీదికి పంపిండ్రా! మస్తు అకల్, మస్తు తెలివి" అన్నడు. కొంచెంసేపాగి, "అడివిల సుత ఉంటది బిడ్డా ఇసొంటిది. మనమే చదువలే" అన్నడు.

ఆ గోలీలతోటి ఇంకొన్నేండ్లు డబ్బ తెరిచిండు. నిలవడ్డనాడు తెరిచిండు, నిలవడనినాడు మూసిండు. మూసిన దినాలు మెల్లమెల్లగ ఎక్కువైనయి. ఒక ఏడాది బోనాలు ఇంక వారముందనంగ, పొద్దుగాల చాయ తాగి, గద్దె మీద ఒరిగి పోయిండు. అప్పటికి నేను పెండ్లి చేసుకోని వేరే గల్లీల ఉన్న. ఉరికొచ్చిన. ఆయన చేతులు ఆ దినం నిమ్మళంగ ఉన్నయి. నాకది చూడబుద్ధి కాలే.

పదకొండో దినం అయినంక హకీం సాబ్ వచ్చిండు. జహర్ డబ్బ తనకే ఇయ్యమని బాపు చెప్పి పోయిండంట. పెద్దమ్మ తాళంచెవి తెచ్చింది గాని ఇయ్యలే. ముందుగాల గురిగింజ తెచ్చింది. హకీం సాబ్ ఏం అడగలే. తెల్లగడ్డం ముసలాయన, చెయ్యి చాపిండు, కండ్లు మూసుకోని బీస్ దాక లెక్కవెట్టిండు. గింజ కదలలే. అప్పుడు తాళం తీసిండ్రు.

ఒక్కొక్క అర చూసుకుంట వచ్చిండ్రు. ముష్టి గింజలు. వసనాభి. ఉమ్మెత్త. ఆఖరి అరల ఒక తెల్ల పొట్లం ఉన్నది, బాపు ముడి వేసిన దారంతోటి. హకీం సాబ్ విప్పిండు. లోపల నల్లబడి, పొడి రాలుతున్న బలం గోలీలు. కట్టిన కాగితం నేను చింపిన ఇంగ్లీషు కాగితం.

పారేస్తనన్నడు గద! నవ్విండు గద ఆ దినం! లోపల మాత్రం ఇన్నేండ్లు విషాల పక్కన దాచి పెట్టుకున్నడా నా తప్పును? పెద్దమ్మ దిక్కు చూడలేక తల వంచుకున్న.

పొట్లం మీద ఒక చీటీ అంటిచ్చి ఉన్నది. ఆ డబ్బల ప్రతి సరుకుకు ఉన్నట్టే, ఉర్దూల, బాపు చేతిరాత. అక్షరాలు వంకరటింకరగ ఉన్నయి, వణుకుతున్న చేతితోటి రాసినయి. నాకు ఉర్దూ మాట్లాడ వస్తది గాని చదువరాదు. హకీం సాబ్ అద్దాలు సరిచేసుకోని పైకి చదివిండు.

"తాకత్ కీ గోలీ. మొహబ్బత్ సే ఆయీ. పఢ్ కర్ దేనా."

బలం గోలీ. ప్రేమతోటి వచ్చింది. చదివి ఇయ్యాలె.

నేను ఏడ్చిన. ఆయన పోయిన దినం సుత గంత ఏడువలే. ఏడ్చి ఏడ్చి, "పెద్దమ్మా, ఆ పొట్లం నాకియ్యి" అన్న. హకీం సాబ్ తల ఊపిండు, ఇయ్యమని. పెద్దమ్మ కొంగుతోటి నా మొకం తుడిచింది. గాని పొట్లం ఇయ్యలే.

"జహర్ డబ్బల సరుకు బిడ్డా. రివాజు తెలుసు గద" అని నా చెయ్యి చాపి, వేళ్ల మీద గురిగింజ పెట్టింది.

ఏక్ అనకముందే పడ్డది.

"రేపు రా" అన్నది పెద్దమ్మ.

మర్నాడు పొద్దుగాలనే పోయిన. చెయ్యి చాపి బీస్ దాక లెక్కవెట్టిన. గింజ కదలలే.